కింది అర

గాజుసీసా మాయమైంది.

అందులో ఉన్నది ఆపరేషన్ కత్తెర. ఓ ఇల్లాలి కడుపులో మరిచిపోయి కుట్లేసిన కత్తెర. ఏడాది తర్వాత వేరే ఆస్పత్రిలో బయటికి తీశారు. పదకొండింటికి కోర్టులో చూపించాలి. ఇప్పుడు తొమ్మిదిన్నర.

మొదటి ఆస్పత్రికి బీమా ఇచ్చిన కంపెనీ తమ పరిశోధకుణ్ణి పంపింది. మాజీ పోలీసు. అందరూ డేగ అంటారు. కాలు ఒకచోట నిలవదు. ఆ ఇల్లాలి తరఫు లాయరమ్మ ఆఫీసుగదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

"సీసా ఎక్కడుండేది?"

"బీరువాలో, అన్నిటికంటే కింది అర. ఫైళ్ళ వెనక." అంది లాయరమ్మ.

"తాళంచెవి?"

"బీరువాకే వేలాడుతుంటుంది."

"శభాష్! దొంగకి మర్యాదలు బాగా చేశారు. నిన్న ఎవరొచ్చారు?"

"ఆస్పత్రి మేనేజర్, రాజీకి. తర్వాత మా క్లయింటూ, వాళ్ళాయనా. రెండుసార్లూ ఫోనొచ్చి నేను బయటికెళ్ళాను."

ఆ ముగ్గురూ ఎదురుగానే ఉన్నారు. క్లయింటు, అదే ఆ ఇల్లాలు, బిగుసుకుని కూర్చుంది. ఆవిడ చేతిరుమాలు జారిపడింది. భర్త తీసిచ్చాడు.

"తీసింది వీళ్ళే!" లాయరమ్మ మేనేజర్‌కి వేలు చూపింది. "సాక్ష్యం మాయం చేశారని తేలితే పరిహారం ఇంతకి మించకూడదని ఇక్కడి చట్టం పెట్టిన హద్దు ఎగిరిపోతుంది. గుర్తుంచుకోండి."

"అందుకే మేం తీయం!" మేనేజర్ మండిపడ్డాడు. "కేసు ఓడినా హద్దు దాటి ఇవ్వక్కర్లేదు. ఉన్న గొడుగుకి మేమే చిల్లు పెట్టుకుంటామా?"

ఆ మాట డేగకి నచ్చింది. భర్త వైపు తిరిగాడు.

"మీరు?"

"మందుల కోసం కిందికెళ్ళాను సార్. ఇంకా రెండు ఆపరేషన్లున్నాయి. ఆ హద్దు లోపల వచ్చే డబ్బు ఒక్కదానికి కూడా చాలదు."

డేగ బీరువా ముందు ఆగాడు. అక్కడో మెత్తటి కుర్చీ ఉంది.

"ఇది ఎవరు జరిపారు?"

"దొంగే. పై అర వెతకడానికి ఎక్కుంటాడు," అంది లాయరమ్మ.

డేగ పై అరలోకి తొంగిచూశాడు. దుమ్ము చెదరలేదు. కుర్చీ మీద చెప్పుల మరక లేదు.

"పై అర ఎవరూ ముట్టుకోలేదు. మరి కింది అరకి కుర్చీ ఎందుకు? ఎవరైనా వంగి తీస్తారు."

కుర్చీలో కూర్చుని కింది అరలోకి చెయ్యి చాపాడు.

"వంగలేని మనిషైతే కూర్చుని తీయాలి." డేగ క్లయింటు వైపు చూశాడు. "అంతేనా అమ్మా?"

ఆవిడ సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళు నిండాయి.

"ఆయనకి తెలీదు సార్. నేరం ఆస్పత్రి మీద పడితే హద్దు పోతుందని విని ఆశపడ్డాను."

భర్త తల పట్టుకున్నాడు. మేనేజర్ లేచాడు.

"ఇంకేం, దొంగ దొరికింది! కేసు కొట్టేయించండి. మీరు మా వైపు మనిషి కదా!"

"సీలు అలాగే ఉంది. ఆవిడ కడుపులోంచి తీసింది ఆవిడే తీసుకుంటే దొంగతనమేంటండీ? చూసింది చూసినట్టు రాస్తాను. కుర్చీ సంగతి కూడా."

"మరి హద్దు పోతుందా సార్?" ఆవిడ అడిగింది.

"పోదమ్మా."

"అన్నం గిన్నె దించాలన్నా నాకు కుర్చీయే సార్. కుర్చీ ఎందుకని ఇన్నాళ్ళకి మీరొక్కరే అడిగారు."

రుమాలు మళ్ళీ జారింది. ఈసారి డేగ వంగి తీసిచ్చాడు. అంత తేలిగ్గా వంగినందుకు అతనికి సిగ్గేసింది.