బండి నడిపిందెవరు?

1988 జూలైలో ముసురు పట్టిన ఒక ఉదయం, తెనాలిలో ప్రైవేటు డిటెక్టివ్ జనార్దనరావు ఆఫీసుకు ముప్పై ఏళ్ల స్త్రీ వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఒక లాయరు నోటీసు బల్లమీద పెట్టింది.

"భట్టిప్రోలు నుంచి వచ్చానండి. నా పేరు దేవకుమారి. మా ఆయన మోషే మాస్టారు ఫిబ్రవరిలో మోటారు సైకిలు ప్రమాదంలో పోయారు. ఇప్పుడు నన్నే ముప్పై వేలు కట్టమంటున్నారు. ఇల్లమ్మినా అంత రాదండి."

అసిస్టెంటు కృపారావు నోటీసు చదివాడు. మోషే, అతని స్నేహితుడు నరసింహారావు ఒకే బండి మీద తెనాలి నుంచి వస్తుండగా, ఆగి ఉన్న చెరకు ట్రాక్టరు ట్రాలీ మూలకు కొట్టుకుని బండి పల్టీ కొట్టింది. మోషే అక్కడికక్కడే పోయాడు. నరసింహారావు మోకాలు విరిగింది. నడిపింది మోషేనట, ఒళ్లు తెలియని వేగంతో నడిపాడట, కనుక ఆ కాలికి అతని భార్య పరిహారం ఇవ్వాలట! చచ్చినవాడి కళ్లు చారెడంటారు. మోషేకు లోకం ఆ మర్యాద కూడా చేయలేదు.

"వెనక కూర్చున్నవాడు పోతే బండివాళ్లే మీకు పరిహారం ఇవ్వాలి. నడిపినవాడిదే తప్పయితే మీకేమీ రాదు," అన్నాడు జనార్దనరావు. "బండెవరిదమ్మా?"

"నరసింహారావు వాళ్ల నాన్న దశరథరామయ్య గారిదండి. రేపల్లెలో ఎరువుల కొట్టు."

"తెనాలి ఎందుకెళ్లారు?"

"మా మామగారి ఆదరణ కూడికకండి. పోయినవాళ్ల పేరున ప్రార్థన పెట్టుకుంటాం కదా, ఆయన ఫోటోకి పెద్ద అద్దం కట్టించి తెస్తానన్నారు. విరిగిన ఫ్రేమే ఇంటికొచ్చింది."

సాయంత్రానికి కృపారావు రిపోర్టుల నకళ్లు తెచ్చాడు. శవపరీక్షలో తలకు దెబ్బ, రెండు అరచేతుల్లో లోతుగా దిగిన గాజుపెంకులు అని ఉంది.

"హెడ్‌లైటు పగిలి గుచ్చుకుందండి సార్!" అన్నాడు. గురువుగారికంటే ముందు ఒక్క కేసైనా తేల్చాలని అతని చిరకాల కోరిక.

జనార్దనరావు బ్రేక్ ఇన్‌స్పెక్టరు రిపోర్టు అతని ముందుకు తోశాడు. హ్యాండిలు వంగింది, హెడ్‌లైటు చెక్కు చెదరలేదు, బండికి సైడు అద్దాలు లేనేలేవు. కృపారావు చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు రేపల్లెలో దశరథరామయ్య ఇంట్లో నరసింహారావు చేతికర్రతో వచ్చి జనార్దనరావు ఎదుట కూర్చున్నాడు.

"ఫోటో ఎవరి చేతిలో ఉంది?"

"నా చేతిలోనేనండి. వెనక కూర్చుని ఒళ్లో పెట్టుకున్నా."

"తాడుతో కట్టలేదా?"

"అద్దం కదండీ, పగిలిపోదూ? రెండు చేతుల్తో పట్టుకున్నా. పడేదాకా వదల్లేదు."

"వైద్యం ఎక్కడ?"

"బాపట్లలోనండి. మా మేనమామ నర్సింగ్ హోంలో."

జనార్దనరావు అటునుంచి అటే బాపట్ల బస్సెక్కాడు. రెండు రోజుల తర్వాత అందరినీ దశరథరామయ్య ఇంటి ముందుగదిలో కూర్చోబెట్టాడు. దేవకుమారి గుమ్మం పక్కనే ఉండిపోయింది.

"నరసింహారావు చాలావరకు నిజమే చెప్పాడు. వెనక కూర్చున్న మనిషి ఆ ఫోటోను రెండు చేతులతో పట్టుకున్నాడు. పడేదాకా వదల్లేదు. అద్దం పగిలి ఆ మనిషి అరచేతుల్లోనే దిగింది. ఆ పెంకులు మోషే అరచేతుల్లో దొరికాయి. మోకాలు తప్ప నరసింహారావుకు ఎక్కడా గాయం లేదని బాపట్ల రిజిస్టరు చెబుతోంది. బాబూ, చేతులు చాపు."

నరసింహారావు చాపలేదు. కండువా కింద దాచుకున్నాడు.

దశరథరామయ్యే నోరు విప్పాడు. "నడిపింది మావాడేనండి. వాడికి లైసెన్సు లేదు. ఇన్సూరెన్సు వాళ్లు పైసా ఇవ్వరు, అంతా నా నెత్తిన పడుతుంది. పోయినవాడికి కేసేంటని నేనే అలా చెప్పించాను. ఆవిడ దావా వేస్తుందేమోనన్న భయంతో నోటీసూ నేనే ఇప్పించాను."

"వదినా, డబ్బెంతైనా కడతాం," అని నరసింహారావు ఏడ్చాడు.

దేవకుమారి గుమ్మం వదిలి అతని ముందుకొచ్చింది.

"డబ్బు కడతావు బాబూ. ఈ ఐదు నెలలూ వారం వారం సమాధి దగ్గరకెళ్లి ఆయన్ని తిట్టాను. కళ్లు నెత్తికెక్కి నడిపావు, పిల్లల్ని దిక్కులేనివాళ్లను చేశావు అని. కన్నతండ్రి ఫోటో పగలకూడదని చేతులు వదలని మనిషినయ్యా నేను తిట్టింది. ఆ తిట్లు ఎలా వెనక్కి తీసుకోను?"

ఆమె కొంగు కప్పుకుని, భట్టిప్రోలు బస్సు ఎన్నింటికని కృపారావును అడిగింది. చీకటి పడకముందే సమాధుల దొడ్డికి వెళ్లాలట.