తగ్గిందన్న మాట

పొద్దున సెలూను షట్టరు ఎత్తేటప్పుడు పెద్దాయన ఎడమ చెయ్యే వాడాడు. కుడిది నడుం దగ్గరే ఉంచుకున్నాడు. నాలుగేళ్ళుగా అంతే. ముప్ఫై ఆరేళ్ళు ఆ చెయ్యి గాల్లోనే పని చేసింది. ఇప్పుడు భుజం పైకి లేవనంటోంది.

సెలూన్లో కుర్చీలు రెండు. ఒకటి ఆయనది, ఒకటి కూతురిది. పిల్లలూ పొట్టివాళ్ళూ వస్తే తన కుర్చీ చూపిస్తాడు. పొడుగువాళ్ళని కూతురికి తోస్తాడు. అదేమని అడిగితే, "నీకు చెయ్యి తిరగాలిగా" అంటాడు. ఇల్లు సెలూను వెనకాలే. మధ్యలో ఒక తలుపు.

తొమ్మిదింటికి గోళీల బావ గెడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. బావంటే చుట్టరికం కాదు, చిన్నప్పటి స్నేహం. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక రెండు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఎక్కడినుంచో హోమియో పుస్తకాలూ, తెల్ల గోళీలున్న చిన్న సీసాల పెట్టే తెచ్చుకున్నాడు. అప్పుడు మనిషిలో మళ్ళీ కదలిక వచ్చింది. మొట్టమొదట పట్టుకున్నది పెద్దాయన భుజాన్నే.

"ఎలా ఉంది బావా భుజం?"

"పోయింది. మూడో సీసాకే పోయిందిగా."

"మళ్ళీ రాలేదుగా?"

"దాని మొహం. ఎందుకొస్తుంది?"

బావ అద్దంలో నవ్వుకున్నాడు. ఆ నవ్వు కోసమే ఎనిమిది నెలల కిందట పెద్దాయన ఆ మాట అన్నాడు. అన్నాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, బావ తలనే అటూ ఇటూ తిప్పుతూ గెడ్డం పూర్తి చేశాడు.

బావ వీధిలోకి పోకుండా ఇంట్లోంచి వెళ్ళాడు. మంచినీళ్ళకేమో అనుకున్నాడు పెద్దాయన. కూతురు మాత్రం ఆ తలుపు వైపే చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నం గిరాకీ లేదు. కూతురు షట్టరు సగం దించింది.

"నాన్నా, అమ్మ తల చూశావా?"

"తలకేమైంది? గుడ్డ కట్టుకుంది. ఇల్లు దులుపుతోంది."

"మనకున్నవి రెండు గదులు. పది రోజులు దులుపుతుందా?"

కూతురు తలుపు తీసి కేకేసింది. "అమ్మా, ఇలా రా. ఆ గుడ్డ తియ్యి."

"నీకెందుకే, పో."

"నువ్వు తీస్తావా, నన్ను తీయమంటావా?"

తీసింది. నడుం దాకా ఉండే జుట్టు మెడ దగ్గర ఆగిపోయి ఉంది. వీధిలో ఎవరి చెవి మీద జుట్టు ఎంత పెరిగిందో నడిచిపోతుండగా చెప్పగలడు పెద్దాయన.

"ఎవరు కత్తిరించారు?"

"నేనే," అంది కూతురు. "అమ్మ కుడి చెయ్యి వెనక్కి పోవట్లేదు నాన్నా. జడ వేసుకోలేకపోతోంది. బట్టలు తొడుక్కోవాలన్నా నేను సాయం పట్టాలి. రోజూ అడగడం నామోషీ అని కత్తిరించెయ్యమంది. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది."

"ఇప్పుడేం మునిగిపోయిందని?" అంది ఆవిడ. "అన్నయ్య మందిస్తున్నాడు. పొద్దున కూడా ఇచ్చి వెళ్ళాడు. నీకు తగ్గలేదూ? నాదీ తగ్గుతుంది. నీకు మూడో సీసాకే తగ్గింది. నాది మొండి ఒళ్ళు, ఆరోది నడుస్తోంది."

"ఆస్పత్రికి పోదామంటే ఇదే పాట," అంది కూతురు. "మీ నాన్నని చూశావుగా అంటుంది. చూస్తూనే ఉన్నా. మెషిను ఎడమ చేత్తో పడతావు. పొడుగువాళ్ళని నాకు తోస్తావు. అమ్మ మొహం చూసి చెప్పు నాన్నా. నీకు తగ్గిందా?"

పెద్దాయన దువ్వెన తీసి తుడిచాడు. శుభ్రంగానే ఉంది. మళ్ళీ తుడిచాడు.

"తగ్గలేదు."

"కొంచెం కూడానా?"

"అసలు తగ్గలేదు."

ఆవిడ కూతురి కుర్చీలో కూలబడింది. "మరెందుకన్నావయ్యా?"

"వాడు రోజూ అడిగేవాడు. లేదన్నప్పుడల్లా వాడి మొహం చూడలేకపోయేవాణ్ణి. ఒకరోజు తగ్గిందన్నాను. ఆ రోజు మనింట్లో కూర్చుని కడుపు నిండా తిన్నాడు."

"అన్నయ్యకి చెప్పావు, సరే. నాకెందుకు చెప్పావు? నీ పక్కన పడుకునేదాన్ని. నాకూ అదే మాటా?"

"నీకు నిజం చెబితే వాడికి తెలిసిపోతుందని."

"నా ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకున్నాను," అంది ఆవిడ. "అందరికీ పనిచేసే మందు నాకే పనిచెయ్యట్లేదని."

పెద్దాయన చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

బావ తన ఇంటి వరండాలో సీసాలకి చీటీలు అంటిస్తున్నాడు. పెద్దాయన కూర్చోలేదు.

"నాకు ఒక్కరోజు కూడా తగ్గలేదు బావా. మీ చెల్లెలు నా మాట నమ్మి నీ మందు మింగింది. దాని చెయ్యి బిగుసుకుపోయింది."

బావ చేతిలో చీటీ అలాగే ఉండిపోయింది. "ముందే చెప్పొచ్చుగా."

"చెప్పొచ్చు."

"ఇంకో పదకొండు మందికి ఇచ్చాను. నీ భుజం చూపించి ఇచ్చాను."

"వాళ్ళందరికీ నేనే చెబుతా."

"వెళ్ళు," అన్నాడు బావ. లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

మూడు రోజులు గెడ్డానికి రాలేదు. ఆ మూడు రోజుల్లో పెద్దాయన పదకొండు ఇళ్ళకీ వెళ్ళాడు. నాకు తగ్గలేదు, నేను అబద్ధమాడాను, డాక్టరుకి చూపించుకోండి అని గుమ్మంలోనే చెప్పి వచ్చాడు. కొందరు నవ్వారు. ఒకాయన తిట్టాడు.

నాలుగో రోజు ముగ్గురూ ఆస్పత్రికి వెళ్ళారు. బల్ల చివర మాసిన గెడ్డంతో బావ కూర్చుని ఉన్నాడు. ఎవరు చెప్పారో, కూతురే అయి ఉంటుంది. పలకరించలేదు. ఆవిణ్ణి లోపలికి పిలిస్తే వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

డాక్టరమ్మ ఆవిడ చెయ్యి నెమ్మదిగా ఎత్తి చూసింది. "కీలు బిగుసుకుపోయింది. షుగరు ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువగా వస్తుంది, రక్తం పరీక్ష చేద్దాం. చెప్పిన వ్యాయామాలు రోజూ చెయ్యాలి. ముందే రావాల్సింది. ఏడాది పట్టొచ్చు. చాలామందికి చెయ్యి మళ్ళీ వస్తుంది." పెద్దాయన వైపు తిరిగింది. "మీకు?"

"నాకేం లేదమ్మా. తోడొచ్చాను."

"నమ్మకండి డాక్టరమ్మా," అన్నాడు గుమ్మంలోంచి బావ. "వీడికి మందిచ్చినవాణ్ణి నేను. నాతో ఎనిమిది నెలలు అబద్ధమాడాడు. చెయ్యి ఎత్తించి చూడండి."

పెద్దాయన ఎత్తాడు. రొమ్ము దాకా వచ్చి ఆగింది. మొహం నల్లబడింది.

"ఇంతేనా లేచేది?" అంది భార్య.

"ఇంతే."

ఆవిడ లేచి, తన మంచి చేత్తో ఆయన మోచెయ్యి కింద పట్టింది. బరువంతా తన మీద వేసుకుంది.

"నొప్పిగా ఉందా?"

"ఉంది," అన్నాడు పెద్దాయన. "చాలా ఉందే."

చెబుతుంటేనే కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.