ఎర్రగోడ కాడ ఆరని రంగు

కామారెడ్డి నుంచి పోయే సడక్ మీద, ఎల్లారెడ్డి ఇంకా కొంత దూరం ఉందనగా ఎడమచేతి దిక్కు ఒక తంగేడు దిబ్బ వస్తుంది. దిబ్బ మీద పైకప్పు లేని పాత గోడ ఒకటి. ఎప్పుడో ఏ జాగీర్దారుదో గుర్రాల కొట్టమట. ఎర్రమట్టితో కట్టింది కాబట్టి ఎర్రగోడ అంటారు.

పొద్దుండగా అక్కడ మేకలు మేస్తాయి. దీపాలు పెట్టే వేళ అయిందా — ఇక ఒక్క మగపురుగు కూడా ఆ దిక్కు పోదు.

గుసగుసలు వినిపిస్తాయట. గాజుల చప్పుడు... మధ్యలో ఒక చిన్న నవ్వు. తెల్లగా నేలలోంచి లేస్తాయట, మళ్లీ నేలలోనే కలిసిపోతాయట. తలకాయలు మాత్రం ఉండవట.

నాకు ఇది చెప్పింది హన్మండ్లన్న. కామారెడ్డి టేషన్ బజారులో దుకాణాలకు బోర్డులు రాస్తాడు. నేను కుంచె పట్టడం నేర్చుకుంటున్నది ఆయన దగ్గరే. ఆరుబయట కూర్చుని బొమ్మ వేద్దాం రమ్మని ఎన్నిసార్లు అడిగినా రాలేదు. ఎందుకని పట్టుబడితే ఒకరోజు చెప్పాడు — నా మొహం చూడకుండా, రంగు నూరుతూ.

అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాలేదు. రంగు గొట్టాలు విలాయత్ నుంచి వస్తుండేవి. హన్మండ్లన్నకు మీసం సరిగా రాలేదు కానీ పట్నం పోయి బొమ్మల బడిలో చేరాలని ఒకటే ఆశ. బడివాళ్లు ఒక షరతు పెట్టారు. ఆరుబయట, కళ్లెదుట ఉన్నదాన్ని చూసి వేసిన బొమ్మ ఒకటి తేవాలి. బాగుంటేనే సీటు.

అట్లా వేయడం ఆయనకు నేర్పింది అబ్రాహాము సారు, బడిలో డ్రాయింగు మాస్టరు. ఆయన చెప్పేవాడట —

"నీడలు ముందుగాల పట్టుకో. అవి కదులుతయ్. పొద్దు మారితే పెట్టె మూసెయ్యి, మళ్ల రేపు అదే యాల్లకు పో. ఎక్కువ కనబడ్డప్పుడు కండ్లు సగం ముయ్యి. ఆకులు, కొమ్మలు పోతయ్... వెలుగు, చీకటే మిగుల్తయ్. గదే వెయ్యి. ఉన్నదని నీకు ఎరుకైంది కాదు — కనబడ్డది వెయ్యి."

హన్మండ్లన్న అక్క మంగవ్వను ఎర్రగోడ పక్క ఊరికే ఇచ్చారు. సడక్ పని నడుస్తున్న రోజులవి. ఊరి వాగు మీద మోరీ — చిన్న వంతెన — కడుతున్నారు, ఒడ్డు పొడుగూతా పనోళ్ల డేరాలు. హన్మండ్లన్న రంగుల పెట్టె, చాయపత్తి పెట్టె నుంచి కోసిన చెక్కపలకలు సంచిలో పెట్టుకుని అక్క ఇంటికి పోయాడు.

పొద్దుగూకే ముందు ఎర్రగోడను చూసి ఆగిపోయాడు. ఆ ఎరుపు ఏ గొట్టంలోనూ దొరికేది కాదు.

"ఆ దిక్కు పోకు తమ్మీ," అంది మంగవ్వ.

"ఎందుకక్కా?"

"పోకన్న గద. అక్కడ మంచిగుండదు."

"దయ్యాలా?"

మంగవ్వ పొయ్యి దిక్కు తిరిగింది. "ఆ... అవే," అంది మెల్లగా.

ఆయన పోయాడు. మొదటి సాయంత్రం నీడలు పట్టుకునేసరికి వెలుగు పోయింది. పొద్దుగూకినాక వెలుగు సగంలో సగంగా తరిగిపోతుంది. కంటికి తెలియదు, పలక మీద రంగుకు తెలుస్తుంది. మర్నాడు అదే వేళకు పోయాడు. ఆ మర్నాడు ఇంకొంచెం ఆగాడు — గోడ మీది ఎరుపు ఊదాకు తిరిగి, పైన చంద్రుడు వెలిగే ఆ కాసేపటి కోసం.

ఒక బండరాయి పక్కన కూర్చున్నాడు. కళ్లు సగం మూశాడు.

గోడ నీడలో ఏదో కదిలింది.

కుంచె ఆగింది.

ఒకటి కాదు... దిబ్బ అవతల నుంచి ఒకదాని వెనుక ఒకటి లేచి వచ్చాయి. వెన్నెల్లో బూడిద రంగు. కాళ్లు పొదల్లో కరిగిపోయాయి. తలలు ఉండవలసిన చోట నున్నగా... ఏమీ లేదు. ఒకదాని చేతిలో నిప్పులాంటిదేదో మెరిసింది. గాజులు గల్లుమన్నాయి — అంతలోనే ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు ఆగిపోయాయి.

తర్వాత ఒక్కొక్కటే నేలలోకి దిగిపోయాయి.

కళ్లు పూర్తిగా తెరవడానికి ధైర్యం చాలలేదు. కానీ చెయ్యి మాత్రం... సారు మాట దానికి గుర్తుంది. కనబడ్డది వెయ్యి. అన్నిటినీ వేశాడు. మెరిసినదాని మీద తెలుపు చుక్క పెట్టాడు. చివరన ఒకటి లేచి ఇటు తిరిగింది. ఆ తిరిగిన భుజం, వంగిన నడుము — ఒక్క గీతలో పడిపోయాయి. అంత బాగా ఆయన ఎన్నడూ వేయలేదు.

అది ఆయనను చూసింది.

గొంతులోనే నొక్కేసిన కేక... ఏదో రాళ్ల మీద దొర్లిన చప్పుడు... అంతే. దిబ్బ మీద ఎవరూ లేరు.

పలక ఛాతీకి ఎత్తి పట్టుకుని ఊర్లోకి వచ్చిపడ్డాడు.

తెల్లవారేసరికి చావడి నిండింది. మంగవ్వ మొగుడు సాయిలు పలకను తలమీదికి ఎత్తి చూపిస్తున్నాడు.

"చూడుండ్రి! మా బామ్మర్ది దయ్యాలను నిలవెట్టి ఫోటువ దించిండు!"

"నేను చూసింది గిదే!" అన్నాడొకడు. "గీ ఇటు తిరిగిందే నా ఎంట పడ్డది!"

"నీ ఎంటనా? నీ ఎంట మీ ఇంటి మేకనే రాదు గదరా!"

అందరూ నవ్వారు. హన్మండ్లన్న కూడా నవ్వాడు. పట్నంలో సీటు చేతికి వచ్చినట్టే ఉంది.

నీళ్లకు పోతున్న ఆడవాళ్లు మాత్రం బొమ్మ దిక్కు చూడలేదు. అక్క కొంగు ముందుకు లాక్కుని చావడి దాటిపోయింది.

సాయిలు గొంతు పెంచాడు. "బొమ్మకు దొరికినయంటే కట్టెకు దొరకవా? ఎన్నొద్దులు భయపడదాం? ఇయ్యాల దీపాల యాల్లకు అందరం కందిళ్లు పట్టుకోని పోదాం. చుట్టు ముడదాం. బామ్మర్దీ, నువ్వే ముందల నడువాలె!"

"నడుస్త బావా!" అన్నాడు హన్మండ్లన్న.

సాయంత్రం కందిళ్లు వెలిగాయి, కట్టెలు వచ్చాయి. హన్మండ్లన్న పలకను గుడ్డలో చుట్టి తెచ్చాడు.

"తియ్యి, ఒకసారి చూసి పోదాం," అన్నాడు సాయిలు.

గుడ్డ తీశాడు.

గోడ ఉంది. తంగేడు పొదలున్నాయి. పైన చంద్రుడున్నాడు.

అవి లేవు.

సాయిలు కందిలి దగ్గరికి పెట్టాడు. "ఏవి...? పొద్దుగాల ఉండె గద?"

"మీరందరు చూసిండ్రు గద బావా."

"మరి ఏడికి పోయినయ్?"

హన్మండ్లన్న తల ఎత్తలేదు. "పలకలకెళ్లి... బయటికి."

ఎవరి చేతిలోనో కట్టె జారి పడింది. కాసేపట్లో ఊరి తలుపులన్నీ గడియ పడ్డాయి.

ఊరికి తెలిసింది ఇంతే. ఇప్పటికీ దీపాల వేళ ఎర్రగోడ దిక్కు ఒక్క మగవాడు పోడు.

"మరి నిజంగనే పోయినయా అన్నా?" అన్నాను నేను.

హన్మండ్లన్న నూరుడు ఆపాడు.

చావడి నిండిన ఆ రోజే మధ్యాహ్నం, సాయిలు చేనికి పోయాక, అతని తల్లి ఈరవ్వ తలుపు దగ్గరికి వేసి వచ్చిందట. లోపల మంగవ్వ జొన్నరొట్టెలు కొడుతోంది.

"బొమ్మ తియ్యి బిడ్డా," అంది ఈరవ్వ. చాలాసేపు చూసింది. "మంచిగనే గీసినవ్. గీ చేతిల మెరిసేది ఏందనుకున్నవ్?"

"కొరివి అవ్వా."

"కొరివి కాదు. నా చెంబు."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు మండాయి.

"వాగు ఒడ్డుకు సడక్ పనోళ్ల డేరాలు పడ్డయ్. ఆడోళ్లం పొద్దుగూకి ఏడికి పోవాలె, చెప్పు? మొగోళ్లకు చెప్తే కట్టెలు లేస్తయ్, తలలు పగుల్తయ్. అందుకే గా దిబ్బ మీద దయ్యాన్ని నేనే పుట్టించిన. నెత్తి నిండ ముసుగు కప్పుకోని ఒకనికి కనబడ్డ, అంతే. మిగిలింది వాండ్లే పెంచుకున్నరు."

"సాయిలు బావకు... చెప్పరాదా అవ్వా?"

"కన్నకొడుక్కు గీ మాట ఎట్ల చెప్పాలె బిడ్డా? ఇయ్యాల పోకుంట ఆగుతం. రేపు? ఎల్లుండి?"

ఈరవ్వ వేలు పలక మీద జరిగింది. ఇటు తిరిగిన దాని దగ్గర ఆగింది — ఆయన అందరికీ గొప్పగా చూపించిన ఆ ఒక్క గీత దగ్గర.

"ఇది ఎవరో ఎరుకేనా?"

లోపల రొట్టె కొట్టే చప్పుడు ఆగిపోయింది.

ఈరవ్వ లోపలికి, పొయ్యి ముందు వంగిన నడుము దిక్కు చూసింది.

నూనె రంగు ఒక్కరోజులో ఆరదు. టర్పెంటైన్ గుడ్డతో ముందు ఆ ఒక్కదాన్నే తుడిచాడు. తర్వాత మిగిలినవాటిని. ఆ చోట్లలో తంగేడు పొదలు వేశాడు — అక్కడ చూడనివి, చూశానని ఎవరికీ చెప్పలేనివి. పొదలు మొద్దుగా పడ్డాయి. ఆ పలకతో పట్నం పోలేదు. ఇంకో పలక వేయడానికి ఆరుబయట కూర్చోనూ లేదు.

చావడి ఖాళీ అయి అందరూ ఇళ్లు చేరాక, సాయిలు గొంగడి కప్పుకుని మూలకు పడుకున్నాడట. ఈరవ్వ, మంగవ్వ చెంబులు తీసుకున్నారు. గొంగట్లోంచే సాయిలు అరిచాడు —

"వాగు దిక్కే పోండ్రి! ఎర్రగోడ మొకాన చూడకుండ్రి!"

"అట్లనే," అంది ఈరవ్వ.

మంగవ్వ గడప దగ్గర ఆగింది. వెనక్కి తిరగలేదు.

"తమ్మీ..." అంది మెల్లగా. "కందిలి తగ్గించుకోని ఇంట్లనే ఉండు. బయట దయ్యాలు తిరిగే యాల్ల."

హన్మండ్లన్న కందిలి తగ్గించాడు. ఇంటి గోడ దిక్కు తిరిగి కూర్చున్నాడు — వాళ్లు వచ్చేదాకా.