గేటు కాడ సగం మాట

రైలు వెళ్లిపోయింది. గేటు లేచింది. అవతలి బండ్లన్నీ ఇవతలికి వచ్చేశాయి కానీ ఇవతలి బండ్లు మాత్రం అంగుళం కదల్లేదు. అన్నిటికంటే ముందున్న బైకు మీద శశిధర్ కూర్చుని ఉన్నాడు మరి. అతని చేతిలో ఫోను, ఫోనులో ఒక పిల్లి. ఆ పిల్లి అట్టపెట్టెలో దూరడానికి నానా తంటాలు పడుతోంది.

వెనక హారన్ల మోత. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాడికి అదెక్కడ వినిపిస్తుంది?

ఎవరో హెల్మెట్ మీద టక్‌టక్‌మని కొట్టారు. తలెత్తి చూస్తే ఎదురుగా నారింజ రంగు కోటు వేసుకున్న అమ్మాయి, చేతిలో జెండా కర్ర.

"సారూ, గేటు లేసి ఎంతసేపాయె. మీరే లేస్తలేరు."

"సారీ మేడం. ఇంపార్టెంట్ మెసేజ్ వచ్చింది."

"ఎవలు, పిల్లి పంపిందా?"

వెనక ఆటోలో ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. మనవాడు బండి స్టార్ట్ చేయబోయి ఒకసారి ఆపేసుకుని, మళ్లీ స్టార్ట్ చేసి, చెవులు ఎర్రబడగా పట్టాలు దాటాడు.

శశిధర్ ఉప్పల్‌లో పెరిగినవాడు. విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరుగా మహబూబాబాద్‌కు కొత్తగా వచ్చాడు. రోజూ పొద్దున్నే డోర్నకల్ దగ్గరి ఈ గేటు దాటి మిర్చి తోటలకు పోవాలి. సిటీ ప్రాణం కదా, సిగ్నల్ పడినా, లిఫ్టు ఎక్కినా, టీ కాస్త చల్లారాల్సి వచ్చినా చెయ్యి జేబులోకి పోతుంది. ఏం చూడాలని తీశాడో తీశాక అతనికే తెలియదు.

మర్నాడు కావాలనే ఫోను బయటకు తీయలేదు. గేటు పడగానే బండి దిగి ఆమె దగ్గరికి వెళ్లాడు.

"నిన్నటి పిల్లి గురించి ఏమీ అనుకోకండి మేడం."

"ఏమనుకుంట సారూ, మీరొక్కరేనా. గేటు పడంగనే అందరి తలకాయలు ఒక్కసారే కిందికి వడ్తయి. నేను దినాం చూస్త. కండ్ల ముందటినుంచి రైలు పోతది, ఏ రైలు పోయిందంటే ఒక్కలకు తెల్వదు."

"మీరు చూడరా ఫోను?"

"డ్యూటీల సెల్లు ముట్టొద్దు. మొదట్ల నాకు సుత చెయ్యి గుంజేది. ఇప్పుడు అలవాటైంది."

"అయితే నేనూ ఈ గేటు దగ్గర ఫోను తియ్యను."

ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "రేపు చూద్దాం" అని నవ్వింది.

ఆ నవ్వు మనవాడికి సూటిగా వెళ్లి తగిలింది. ఎవరూ పందెం కాయలేదు, అయినా గెలవాల్సిందేనని పట్టు పట్టేశాడు. చెయ్యి జేబులోకి పాకితే బయటికి లాగేవాడు. చివరికి గేటు కనిపించగానే ఫోను బండి సైడ్ బాక్సులో పెట్టి తాళం వేయడం మొదలుపెట్టాడు.

ఫోను లేనిచోట ఏముంటుందా అనుకుంటే, చాలానే ఉంది. గేటు గది మీదికి పాకిన బీరతీగ ఉంది. రైలు రాకముందే సన్నగా మోగే పట్టాలున్నాయి. అన్నిటికీ మించి ఆమె మాటలున్నాయి. పేరు యమున. తండ్రి సారయ్య పట్టాల మీద పనిచేసి రిటైరయ్యాడు. సొంతూరు తరిగొప్పుల అయినా ఇల్లు కట్టుకుంది డోర్నకల్‌లోనే.

ఒక్కటే చిక్కు. పట్టాలు మోగగానే మాట ఎక్కడుంటే అక్కడ ఆపేసేది.

"మా బాపు ఒక్కపారి రాత్రి డ్యూటీల ఉంటే, పులి అనుకొని..."

అంతే. అటు తిరిగి పచ్చజెండా పట్టుకుని నిలబడేది. ఆఖరి పెట్టె దాటేదాకా ఇటు చూసేది కాదు. ఆ తర్వాత తీరిగ్గా, "...పులి అనుకొని బర్రెకు దండం పెట్టిండు" అని గేటు లేపేది. ఆ రెండో ముక్క కోసం శశిధర్ రైలు పొడవునా కాచుకుని ఉండేవాడు. వాన పడుతున్నా గొడుగు తెరవడం మర్చిపోయేవాడు.

ఒకరోజు వెనక ఆగిన ఆటో డ్రైవరు హరిలాల్‌కు ఫోనులో చూసీ చూసీ విసుగొచ్చింది. ఊరికే కెమెరా ఆన్ చేసి ముందుకు తిప్పాడు. సాయంత్రానికి 'గేటు కాడి లవ్‌స్టోరీ' అని పాట కలిపిన రీల్ డోర్నకల్ గ్రూపులన్నిటిలో తిరిగింది. రాత్రి భోజనాల వేళకు ఉప్పల్ చేరింది. తల్లి సరోజన ఫోన్ చేసింది.

"ఎవర్రా ఆ పిల్ల?"

"అమ్మా, అది ఊరికే..."

"ఊరికే అయితే గంతగనం నవ్వుతవా? ఇంటికొస్తే అన్నం తినేటప్పుడు సుత నా మొహం సూడవు, ఫోనే చూస్తవ్. ఆ పిల్ల దిక్కు మాత్రం రెప్ప కొట్టకుంట చూస్తున్నవ్. మంచిదే. తేల్చుకొని చెప్పు."

తల్లి అలా నవ్వుతూనే అంది. శశిధర్‌కు మాత్రం గుండెలో కలుక్కుమంది.

తెల్లారి గేటు దగ్గర యమున తల తిప్పలేదు.

"ఈ దారిన రాకుండ్రి ఇగ. మా రైల్వే ఇన్‌స్పెక్టర్ సార్ వీడియో చూసిండు. డ్యూటీల ముచ్చట్లు పెడ్తున్నవా అని రేపు రమ్మన్నడు. మూడేండ్లు సదివి తెచ్చుకున్న నౌకరి ఇది. పోతే నాకింకేం లేదు."

"నేనొచ్చి చెప్తా."

"మీరొస్తే ఇంకో కథ పుడ్తది."

శశిధర్ చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. తోటలకు పోకుండా తిన్నగా ఆటో స్టాండుకు వెళ్లాడు.

"హరిలాల్ అన్నా, రీల్ కత్తిరించక ముందటి వీడియో ఉందా?"

"ఉంది సారూ. ఊకె సరదాకు తీసిన. గిట్ల అయితదనుకోలే."

"అయితే రేపు నాతో రావాలి. నువ్వు తీసిందే ఆమెను కాపాడాలి."

మర్నాడు ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో యమున, పక్కన సారయ్య. హరిలాల్‌ను వెంటబెట్టుకుని లోపలికి వస్తున్న శశిధర్‌ను చూసి యమున కళ్లెర్ర చేసింది. అతను ఆగలేదు.

"సార్, రీల్‌లో ముక్కే ఉంది. మొత్తం చూడండి. తర్వాత మీ ఇష్టం."

ఇన్‌స్పెక్టర్ చూశాడు. గేటు పడి ఉంది. ఆమె మాట్లాడుతోంది. రైలు కూత వినిపించకముందే నవ్వు ఆపి, మాట ఆపి, అటు తిరిగింది. జెండా ఎత్తింది. రైలు పూర్తిగా దాటేదాకా కదల్లేదు.

"డ్యూటీల తప్పేం లేదు" అన్నాడు ఆయన. "జర ముచ్చట్లు తగ్గించుకో బిడ్డా."

అందరూ లేచారు, సారయ్య తప్ప.

"హరిలాలూ, మల్లొకపారి పెట్టు."

ఆయన ఫోను కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు. ఆయన చూస్తున్నది కూతుర్ని కాదు, ఆగి ఉన్న జనాన్ని.

"గింతమంది ఉన్నరు. అందరి తలకాయలు కిందికే. వీడొక్కడే తలెత్తి నా బిడ్డను చూస్తుండు."

శశిధర్ ఆయన వైపు తిరిగాడు. ధైర్యం చేసి అడిగాడు. "తప్పా పెద్దయ్యా?"

"తప్పని నేనన్ననా? ముప్పై ఏండ్లు పట్టాల మీద తిరిగిన. రైల్లకెల్లి మా దిక్కు చూసినోడు ఒక్కడు లేడు." ఫోను హరిలాల్ చేతికిచ్చి లేచాడు. "మీ అమ్మా నాయినను తోల్కొని రా. కూసొని మాట్లాడుకుందాం."

సోమవారం గేటు పడింది. శశిధర్ బండి దిగి వచ్చాడు.

"ఆదివారం మా వాళ్లొస్తమంటున్నరు. మీ బాపు సరే అన్నడు, మా అమ్మ సరే అన్నది. నువ్వే ఏం చెప్పలేదు. నువ్వు వద్దంటే వాళ్లను రావద్దని చెప్తా."

"ముచ్చట్లు తగ్గించుకోమన్నడు సార్."

"ఒక్క ముచ్చటే."

యమున బీరతీగ వైపు చూసింది, ఆకాశం వైపు చూసింది, ఆఖరికి అతని వైపు చూసింది.

"మిమ్ములను చేసుకునుడంటే నాకు..."

పట్టాలు మోగాయి. ఆమె అటు తిరిగింది.

వచ్చింది ఎక్స్‌ప్రెస్ అయినా బాగుండేది. బొగ్గు గూడ్సు. పెట్టె వెనక పెట్టె, తీరిక చేసుకుని నడుస్తోంది. శశిధర్ జీవితంలో అంత పొడుగు రైలు చూడలేదు. వెనక అందరి తలలూ కిందికి వాలాయి. అతను మాత్రం ఆమె భుజాన్ని, ఎత్తిన పచ్చజెండాను, గాలికి ఎగురుతున్న కోటు అంచును చూస్తూ నిలబడ్డాడు. భయమేసింది. అయినా చూపు తిప్పుకోలేదు.

గార్డు పెట్టె దాటింది. యమున జెండా చుట్టి, వచ్చి గేటు హ్యాండిల్ తిప్పుతూ అంది.

"...ఇష్టమే. గని ఇంట్ల అన్నం తినేటప్పుడు సుత గేటు పడ్డదనే అనుకోవాలె."

"మా అమ్మ నీకు ఫోన్ చేసిందా ఏంది?"

"నిన్ననే చేసింది. అన్నీ చెప్పింది."

శశిధర్ వెళ్లి బండెక్కాడు. గేటు పూర్తిగా లేచింది. అవతలి బండ్లు ఇవతలికి వచ్చేశాయి. ఇవతలి బండ్లు మాత్రం కదల్లేదు. హారన్లు మొదలయ్యాయి. యమున దగ్గరికి వచ్చి జెండా కర్రతో హెల్మెట్ మీద టక్‌మని కొట్టింది.

"సారూ, గేటు లేసింది."

"కనిపిస్తుంది మేడం" అన్నాడు శశిధర్, ఆమె మొహం మీదినుంచి చూపు తీయకుండా.