పన్నెండు కావడానికి గంటన్నర

సుమతిని మొదటిసారి చూసినప్పుడు ఆమె చేతుల్లో ఓళిగల పళ్లెం ఉంది. నిజం చెప్పాలంటే నేను ముందు చూసింది ఓళిగలనే, మావైపు బొబ్బట్లను అలాగే అంటారు. వాటి మీద నెయ్యి ఇంకా మెరుస్తోంది. ఆ తర్వాత తల ఎత్తాను. ఎత్తిన తల మళ్లీ దించబుద్ధి కాలేదు.

గుండ్రటి ముఖం. పసుపుపచ్చ చీర. వచ్చే నవ్వును బలవంతాన ఆపుకుంటున్నట్టు బిగించిన పెదవులు.

"తీసుకోండి" అంది.

గోడ గడియారం చూశాను. పదిన్నర.

"పన్నెండు దాకా నేనేమీ తిననండీ" అన్నాను.

మేం పెళ్లిచూపులకు వెళ్లిన ఎమ్మిగనూరులోని ఆ నడుమింట్లో అప్పటిదాకా అందరూ మాట్లాడుతున్నారు. ఆ మాటతో అందరూ ఆపేశారు. పక్కనే కూర్చున్న మా అమ్మ నా తొడ గిల్లింది.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. పేరు యువరాజ్. ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజర్‌ని. వయసు ఇరవై తొమ్మిది, బరువు తొంభై నాలుగు కిలోలు. నలభై రోజులుగా పదహారు గంటల ఉపవాసం చేస్తున్నాను. రాత్రి ఎనిమిదికి ఆఖరి ముద్ద, మళ్లీ మర్నాడు పన్నెండుకే. మధ్యలో మంచినీళ్లు, పాలూ చక్కెరా లేని కాఫీ. గంటలు లెక్కపెట్టడానికి ఫోన్‌లో ఒక యాప్. ఒక్క రోజు తప్పితే మొత్తం మొదటికొస్తుంది.

ఇంట్లో దీనివల్ల పెద్ద గొడవే నడుస్తోంది. మా అమ్మ అంజనమ్మకు పొద్దున ఉగ్గాని, బజ్జీ లేకుండా కొడుకు గడప దాటడం అపశకునం. రోజూ ఏడున్నరకు పళ్లెం పట్టుకుని నా చుట్టూ తిరుగుతుంది. పక్కింటివాళ్లు అడిగితే "మావాడు ఆంజనేయస్వామికి మొక్కుకున్నాడు" అని చెబుతుంది. బరువు తగ్గడానికి అన్నం మానేశాడని చెప్పుకోవడం ఆమెకు నామోషీ.

సుమతి నాన్న రంగన్న నావైపు వంగాడు. "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?"

"బాగుండాది మామా. బరువు తగ్గల్లని చేస్తాండా. ఇట్ల లావుగా ఉంటే చూసేకి ఏం బాగుంటుంది?"

సుమతి పళ్లెం కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. వాళ్లమ్మ శ్రీశైలమ్మ కాఫీ తెచ్చింది, వద్దన్నాను. మజ్జిగ తెచ్చింది, అదీ వద్దన్నాను. సంబంధం తెచ్చిన తిమ్మన్న మాత్రం నా వంతు ఓళిగలు కూడా తిని, చేతులు కడుక్కుని, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పులేసుకున్నాడు.

బస్సు సగం దారి వచ్చాక అమ్మ నావైపు తిరిగింది.

"పిల్ల నచ్చకపోతే నా చెవిలో సెప్పుంటే పోయేది కదరా."

"నచ్చలేదని ఎవరన్నారు?"

"తీపి ముట్టకుండా లేచొస్తే ఏమని అర్థం?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మావాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. పిల్ల నచ్చకపోతే ఆ ఇంట్లో తీపి నోట్లో పెట్టరు. ఎదురుగా వద్దని చెప్పి వాళ్లను బాధపెట్టడం ఎందుకని పెద్దలు పెట్టుకున్న మర్యాద అది. చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. యాప్ ధ్యాసలో పడి మరిచిపోయాను.

"నాకు శానా నచ్చిందమ్మా" అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. నలభై రోజుల తర్వాత మొదటిసారి, పళ్లెం లేకుండా చూసింది. వెంటనే తిమ్మన్నకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

"ఇంగేం మాట్లాడేదమ్మా" అన్నాడు తిమ్మన్న. "మంత్రాలయం వాళ్లను వచ్చే ఆదివారం రమ్మని అప్పుడే కబురు పెట్టినారు. మీవాడంటే ఆ పిల్లకు ఒళ్లు మండుతాంది. నిండు ఇంట్లో లావని అంటే ఎవరికైనా మండదా?"

"ఎవర్నన్నాడు లావని?"

"నన్నడుగుతావేందమ్మా. ఆ ఇంట్లో లావుగుండేది ఇద్దరే. నీ కొడుకు, ఆ పిల్ల."

నేను కళ్లు మూసుకున్నాను. సుమతి లావే. చూశాను, నచ్చింది. పళ్లెం పట్టుకుని నిదానంగా నడిచొస్తుంటే ఇల్లు నిండినట్టనిపించింది. నన్ను నేను తిట్టుకునే మాట ఆమెకు కూడా తగులుతుందని నాకు తట్టనే లేదు.

మూడు రోజులు మిల్లులో ఒంటి మీద స్పృహ లేదు. ఒక లారీ దూదిని రెండుసార్లు తూకం వేయించాను. బుధవారం రాత్రి ఎనిమిదికి ఆఖరి ముద్ద తింటుంటే అమ్మ అంది, "ఇది మాటలతో తీరేది కాదు నాయనా. తినకుండా వచ్చి చెడగొట్టినావు. పోయి తినొచ్చి తీర్చుకో."

"ఒక్కణ్నే ఎట్ల పోయేది?"

"నాతో పోయినప్పుడు ఏం ఉద్ధరించినావు?"

పెళ్లి ఖాయం కాకుండా మగపిల్లాడు ఒంటరిగా పిల్ల ఇంటికి వెళ్లడం మావైపు ఎక్కడా లేదు. అయినా గురువారం సెలవు పెట్టి బస్సెక్కాను. సరిగ్గా పన్నెండూ అయిదుకు ఎమ్మిగనూరులో రంగన్న గడప ముందు నిలబడ్డాను. జేబులో ఫోన్ తినమని అప్పటికే రెండుసార్లు మోగింది.

రంగన్న వసారాలో కూర్చుని కండెలకు నూలు చుడుతున్నాడు. నన్ను చూసి చక్రం ఆపాడు. "మీయమ్మ యాడ?"

"రాలేదు మామా. నేనే వచ్చినా." చెప్పులు విడిచాను. "అన్నం తినేకి వచ్చినా."

ఆయన చేతిలో కండె పక్కన పెట్టాడు. తర్వాత లోపలికి తిరిగి, "శ్రీశైలమ్మా, ఆ పొద్దు తినని పిల్లోడు ఈ పొద్దు తింటాడంట" అన్నాడు.

శ్రీశైలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె ముఖంలో కోపం కన్నా ఇబ్బంది ఎక్కువగా కనిపించింది. "ఈ పొద్దు గురువారం కదా నాయనా. రాఘవేంద్రస్వామికి ఒక్కపొద్దు. ఇంట్లో అందరమూ దీపం పెట్టినాకే తినేది. పొయ్యి కూడా ముట్టించలేదు. ఉండు, నీకు ఉప్మా చేస్తా."

లోపల మగ్గం చప్పుడు ఆగింది. "ఊకే చేయొద్దులేమా" అని సుమతి గొంతు వినిపించింది. "ఆయప్పకు మనింట్లోది ఏదీ పడదు."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. "ఉప్మా వద్దత్తా" అన్నాను. "నేనూ దీపం పెట్టినాకనే తింటా. మీతోనే."

"రాత్రి ఎప్పుడు తిన్నావు?"

"ఎనిమిదికి."

"అయ్యో, పస్తుంటావా అంతసేపు?"

"అలవాటే" అన్నాను ధైర్యంగా. నా కడుపు అలా అనుకోలేదు. అది చేసిన చప్పుడుకు రంగన్న కూడా తలెత్తాడు.

శ్రీశైలమ్మ నాకు నడుమింట్లో, గుంట మగ్గానికి నాలుగడుగుల దూరంలో కుర్చీ వేసింది. సుమతి నావైపు చూడలేదు. పోగును మోసుకుంటూ నాడె అటూ ఇటూ పరుగెడుతోంది. ఎర్రంచు చీర వేలెడు వేలెడు పెరుగుతోంది. నేను నోరు తెరిచినప్పుడల్లా ఆమె మగ్గాన్ని ఇంకాస్త గట్టిగా కొడుతోంది. అలా రెండున్నర గంటలు గడిచాయి. నా క్షమాపణ గొంతులోనే ఉండిపోయింది.

మూడు గంటలప్పుడు వాన వచ్చింది. మొదట పెంకుల మీద నాలుగు చినుకులు, తర్వాత ఒకటే కుమ్ముడు. గుంట మగ్గానికి వానంటే పడదు. చెమ్మకు పోగు బరువెక్కి తెగుతుంది. రెండుసార్లు తెగింది, రెండుసార్లు ముడేసింది. మూడోసారి తెగేసరికి ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇక నావైపు చూడక తప్పలేదు.

"మీ ఫోన్ ఇంకా తినమనలేదా?"

"అన్నది. నేనే వినలేదు."

"ఆ పొద్దు గూడా వినకుండా ఉండకూడదా?"

"ఉండాల్సింది. తప్పైంది."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటానని ఆమె అనుకోలేదేమో, తర్వాతి మాట వెతుక్కుంది. "ఎంత తగ్గినారు?"

"మూడు కిలోలు."

"ఇంగా యాడికి తగ్గల్ల? నేనెంత తగ్గితే మీ కంటికి బాగుంటా?"

కోపంగా అడుగుదామనుకుంది. చివరికొచ్చేసరికి గొంతు వణికింది. అది విన్నాక నేను ఇంట్లో వల్లించుకుని వచ్చిన మాటలన్నీ పనికిరాకుండా పోయాయి.

"నేనన్నది నన్ను" అన్నాను. "పత్తికొండలో ఒక సంబంధానికి పోయింటిమి, జూన్‌లో. ఉగ్గాని పెట్టినారు. బాగుందని రెండోసారి పెట్టించుకున్నా. వంటింట్లో ఆడపిల్లలు నవ్వినారు. 'సంబంధానికి వచ్చినాడా, సంతర్పణకు వచ్చినాడా' అని. పెద్దగానే అన్నారు. మా యమ్మకు గూడా వినపడింది."

సుమతి మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని పూర్తిగా నావైపు తిరిగింది.

"ఆ పొద్దు నుంచి బయటోళ్ల ముందర తినేకి నాకు కాదు. మిల్లులో అందరూ ఒకచోట కూర్చుంటారు. నేను దూది బేళ్ల వెనకాలకు పోయి తినొస్తా. ఉపవాసమంటే ఎవరూ అడగరు కదా, అందుకే అది పట్టుకున్నా. బరువు తగ్గేది పైకి సెప్పేది. మీ ఇంట్లో గూడా అంతే. పన్నెండు కాలేదన్నా గానీ, అందరూ చూస్తాంటే తినేకి భయమైంది."

ఈ సంగతి నేను అమ్మకు కూడా చెప్పలేదు. చెప్పాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సుమతి తెగిన పోగును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "నన్ను చూసేకి మీకంటే ముందు ఇద్దరొచ్చినారు" అంది. "ఇద్దరూ కడుపు నిండా తిన్నారు. తిని, పిల్ల లావని సెప్పి పంపినారు. మీరు తినకుండానే అన్నారు. ఈయప్పకు అంత మాత్రం నీతన్నా ఉండాది అనుకున్నా."

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతుండగానే ఆమె కళ్లలో నీళ్లు నిండాయి, కొంగుతో అద్దుకుంది.

"ఆదివారం వాళ్లను రావద్దనండి" అన్నాను. "మీరు నాకు శానా నచ్చినారు. ఉండేది ఉండేటట్లే నచ్చినారు. తగ్గేది, పెరిగేది మీ ఇష్టం."

"మా నాయనకు సెప్పల్ల ఆ మాట."

చెప్పాల్సిన పని లేదు. వసారాలో కండెల చక్రం చప్పుడు ఆగిపోయి చాలాసేపైంది.

చీకటి పడుతుండగా శ్రీశైలమ్మ దీపం పెట్టింది. నలుగురికీ చాప మీద పళ్లేలు వేసింది. అన్నం, కందిపప్పు, గుత్తివంకాయ, చెనిక్కాయల పొడి. ఇరవై రెండు గంటల ఆకలి మీద ఆ పప్పు వాసనకు నాకు కళ్లు తిరిగాయి. సుమతి సరిగ్గా నాకెదురుగా కూర్చుంది. తలొంచుకుని మొదటి పెట్టుడు తినేశాను.

శ్రీశైలమ్మ గరిటెతో వచ్చింది. నా చెయ్యి దానంతటదే పళ్లేనికి అడ్డం వెళ్లింది. "చాలత్తా" అన్నాను. చాలలేదు. సగం కడుపు కూడా నిండలేదు.

"అమ్మా, నాకు పెట్టు" అంది సుమతి.

పళ్లెం ముందుకు జరిపింది. అన్నం పెట్టించుకుంది. పప్పు పోయించుకుంది. వంకాయ ఇంకొకటి వేయించుకుంది. అన్నం కలిపి, పెద్ద ముద్ద చేసి, నా కళ్లలోకి చూస్తూ నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలి మింగింది.

"నేను తింటాండా" అంది. "మీరూ తినండి."

నేను చెయ్యి తీశాను. శ్రీశైలమ్మ ఏమీ ఎరగనట్టు అన్నం పెట్టింది. ఎవరూ నవ్వలేదు. రంగన్న తన పళ్లెంలోకే చూస్తూ తింటున్నాడు. ఆ రెండో పెట్టుడు అన్నం నేను ఎంత నిదానంగా తిన్నానంటే, చివరికి ప్రతి మెతుకు రుచీ తెలిసింది.

చెయ్యి కడుక్కుని రంగన్న వసారాలోకి వెళ్లి తిమ్మన్నకు ఫోన్ చేశాడు. "మంత్రాలయం వాళ్లకు రావద్దని సెప్పప్పా" అన్నాడు. తర్వాత మా అమ్మకు చేశాడు. "అమ్మా, మీవాడు మా ఇంట్లో అన్నం తిన్నాడు."

అటువైపు నుంచి అమ్మ గొంతు మాకందరికీ వినిపించింది. "ఎంత తిన్నాడన్నా?"

"రెండోసారి పెట్టించుకున్నాడు."

అమ్మ ముక్కు ఎగబీల్చింది. పత్తికొండ తర్వాత నేను బయటెక్కడా తినడం లేదని నాకొక్కడికే తెలుసనుకున్నాను. "అయితే ఖాయం సేసుకోండన్నా" అంది చివరికి.

వాన వెలిసింది. ఆఖరి బస్సుకు ఇంకా టైముంది. గడప దాకా వచ్చిన సుమతి తలుపు పట్టుకుని నిలబడింది.

"మీ పదహారు గంటలు మీరుండండి, నేనడ్డం రాను" అంది. "మిగిలిన ఎనిమిది గంటలు మాత్రం నా ఎదురుగా కూర్చుని తినల్ల. యాడా దాక్కోకుండా."

"లెక్కపెట్టవు కదా?" అన్నాను. 'మీరు' అనడం ఎప్పుడు మానేశానో నాకే తెలియలేదు.

"ముద్దలా? నాకు మగ్గం మీద పోగులు లెక్కపెట్టేకే టైము సాలదు" అని, ఆ పొద్దు పెదవుల వెనక దాచుకున్న నవ్వంతా నవ్వేసింది.