పొగాకు పొగ వేసిన సాయంత్రం

అద్దాల ఇంట్లోని పూలమొక్కలకు పేనుబంక పడితే పొగాకు పొగ వేస్తాం. గాలి ఆడని సాయంత్రం చూసుకుని, సందులన్నీ తడి నాచుతో కూరి, కుంపట్లో పొగాకు రాజేసి, తలుపుకు తాళం వేసేయాలి. తెల్లారేదాకా తెరవకూడదు. ఆ పొగలో చిక్కితే మనిషి కూడా బతకడు.

ఆ ఫిబ్రవరికి నేను కెంట్‌లో ఒక దొరగారి తోట చూసుకోవడం మొదలుపెట్టి రెండేళ్లు. భార్యను స్కాట్లండ్‌లో పూడ్చిపెట్టి, ఎనిమిదేళ్ల కూతురు ఎల్స్‌పెత్‌ను వెంటబెట్టుకుని వచ్చాను. అయినవాళ్లంతా రెండు రోజుల రైలు ప్రయాణమంత దూరంలో ఉండిపోయారు. పిల్లకేమన్నా అయితే ఇక్కడ నాకెవరూ లేరు. అందుకే నాకు అంత చాదస్తం.

ఆ రోజు కుంపటి రాజేసే ముందు కుండీల బల్లల కింద కూడా లాంతరు పట్టుకుని వెతికాను. నా దగ్గర పనిచేసే ముసలి జేబెజ్ నవ్వాడు.

"ఇది మూడోసారి మేస్త్రీ. పురుగులన్నిటికీ పేరుపేరునా వీడ్కోలు చెబుతున్నావా ఏంటి?"

"పిల్లేది?"

"నీ వెనకే ఉంది కదయ్యా."

ఉంది. శాలువా కప్పుకుని నిలబడింది. తాళం వేశాను. జేబెజ్ ఇంటికి పోయాడు.

వెలుగు తగ్గుతోంది. అద్దాల వెనక పొగ పాలమీగడలా చిక్కబడింది. నాచులోంచి కూడా ఘాటు వాసన వస్తోంది. తోటలో ఒక్క పిట్ట కూడా కూయడం లేదు.

లోపలి నుంచి అద్దం మీద... టక్.

మళ్లీ... టక్, టక్.

"నాన్నా... నేను లోపలే ఉన్నాను."

ఎల్స్‌పెత్ గొంతు. వెంటనే దగ్గు.

ఎల్స్‌పెత్ చెయ్యి నా చేతిలోనే ఉంది.

"నాన్నా... కళ్లు మండుతున్నాయి..."

జేబులోంచి తాళంచెవి తీశాను. పక్కనున్న పిల్ల నా వేళ్లు బిగించి పట్టుకుంది.

"తీయకు నాన్నా," అని గుసగుసగా అంది. "నేనిక్కడున్నాగా."

నిజమే. కంటికి కనబడుతోంది. కనబడేదాన్నే కదా నమ్మాలి.

చాలాసేపు దగ్గు వినిపించింది. తర్వాత గీరుతున్న చప్పుడు. తర్వాత... అదీ లేదు. తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్నాను. పిల్ల పట్టుకున్న చెయ్యి మొద్దుబారిపోయింది.

పొద్దున తోటంతా మంచు పేరుకుంది. తాళం తీశాను. లోపల ఎవరూ లేరు. జేబెజ్ బల్లల కిందికి వంగి చూశాడు.

"చచ్చిన పురుగులు తప్ప ఏం లేవు. నీ మొహమేంటి మేస్త్రీ, ఉడకబెట్టిన ముల్లంగిలా ఉంది?"

బయటికొచ్చాను. ఎల్స్‌పెత్ అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూస్తోంది. నేనూ పక్కన వంగి చూశాను. నా నోటి ముందు అద్దం తెల్లగా ఆవిరి పట్టింది.

"ఆకలేస్తోంది నాన్నా," అంది.

పిల్ల నోటి ముందు అద్దం మీద ఆవిరే లేదు, నీళ్లంత తేటగా ఉంది.

జావ కాచిపెడతానని చెప్పి, పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాను.