ఎత్తు ఇరవై మీటర్లు

"మీరు అమ్మిన పంపు మోసం!" అంటూ లెక్కల మాస్టారు షాపులోకి దూసుకొచ్చాడు.

నేలమీద కూర్చుని మోటారు విప్పుతున్న పంపు మెకానిక్ తలెత్తింది. బుగ్గ మీద గ్రీజు మరక. అది చూడగానే మాస్టారికి దారంతా కూర్చుకున్న తిట్లన్నీ మరుపున పడ్డాయి.

"పంపు తిరగట్లేదా?"

"తిరుగుతోంది."

"నీళ్లు ఎక్కట్లేదా?"

"ఎక్కుతున్నాయి."

"మరి మోసం ఎక్కడండీ?"

మాస్టారి ఇల్లు కొండవాలు మొదట్లో ఉంది. పగలు సోలార్ కరెంటుతో పంపు వేసి, వాలు పైనున్న ట్యాంకులోకి నీళ్లు ఎక్కిస్తాడు. సాయంత్రం ఆ నీళ్లు కిందికి వదిలితే చిన్న టర్బైన్ తిరిగి ఇంట్లో లైట్లు వెలుగుతాయి. బ్యాటరీలే అక్కర్లేదనీ, మూడు గంటలు ఢోకా లేదనీ ఇంట్లో బల్ల గుద్ది చెప్పాడు. తీరా చూస్తే నిన్న గంటకే ఇల్లంతా చీకటి. నాన్న తాపీగా కొవ్వొత్తి వెలిగించి, "రేపు ఆరు నుంచి తొమ్మిది దాకా లైటు ఆరకపోతే సరే. ఆరిందో, ఎల్లుండి ట్యాంకూ పైపులూ పాత సామాన్లవాడికి" అని తీర్పు చెప్పేశాడు. రెండేళ్ల ఆదివారాలన్నీ ఆ ట్యాంకుకే ధారపోసిన మాస్టారికి రాత్రి నిద్ర పట్టలేదు; తప్పంతా పంపుదేనని తేల్చుకున్నాడు.

"పదండి, చూద్దాం." మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ల ట్యూబు ఆమె భుజాన వేసుకుంది.

ట్యూబు చెరో కొస పట్టుకుని, అడుగడుగునా ఎత్తు తేడా రాసుకుంటూ ఇద్దరూ వాలు ఎక్కారు. "నన్ను కాదు, నీళ్లని చూడండి" అని ఆమె మూడుసార్లు కసిరింది. పైకి చేరి, కాగితం మీద కూడిక వేసి, పకపకా నవ్వింది.

"ఎత్తు ఎంతన్నారు?"

"అరవై మీటర్లు. టేపు పెట్టి కొలిచాను."

"టేపు ఎక్కడ పెట్టారు?"

"నేలమీద... ట్యాంకు నుంచి ఇంటిదాకా..."

"మీరు కొలిచింది దారి మాస్టారూ! ఎత్తు ఇరవయ్యే. అందుకే కరెంటు మూడోవంతే వస్తోంది. పిల్లలకి లెక్కలు చెప్పేది మీరేనా?"

"స్కూల్లో చెప్పకండి, ప్లీజ్."

"సరే గానీ, మీ ఇంట్లో ఎవరి గదిలో వాళ్లు లైటూ ఫ్యానూ వేసుకుంటారా?"

"అవును."

"ఇవాళ అందరూ ఒకే గదిలో కూర్చోండి. రెండు బల్బులు, ఒక ఫ్యాను. నీళ్లు మూడు గంటలు రావాలంటే వాల్వు కొంచెమే తిప్పాలి. అంతే."

ఆరింటికి మాస్టారు వాల్వు కొంచెం తిప్పాడు. టర్బైన్ చూసుకోవడానికి మెకానిక్ కూడా ఉండిపోయింది. ఎప్పుడూ తలో గదిలో ఉండే మనుషులు ముందుగదిలో ఇరుక్కుని మొదట బిక్కమొహాలు వేశారు. కాసేపటికి చెల్లెలు పేకముక్కలు తీసింది. "అంకుల్, ఆ ముక్క ఇందాకే పడేశారు!" అని నాన్న దొంగాటని మెకానిక్ పట్టేసింది. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. ఈ ఇంట్లో ఇంత సందడి విని ఎన్నాళ్లయిందో అనుకున్నాడు మాస్టారు.

తొమ్మిది దాటింది. ఇంకో ఐదు నిమిషాలకు బల్బులు మిణుకుమని ఆరిపోయాయి.

"గెలిచాం!" అని చెల్లెలు అరిచింది. అమ్మ, చెల్లెలు కొవ్వొత్తి కోసం లోపలికి వెళ్లారు. నాన్న కూడా వెళ్లాడనుకున్నాడు మాస్టారు.

"రేపు కూడా వస్తారా?"

"దేనికి? పంపు బాగానే ఉందిగా."

"అదే... టర్బైన్ ఒకసారి... అంటే, వాల్వు కూడా..."

"మళ్లీ దారి కొలుస్తున్నారు మాస్టారూ."

మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం."

చీకట్లో కుర్చీ కిర్రుమంది. నాన్న గొంతు వినిపించింది.

"లైటు పోయింది గానీ నాకు చెవులు పోలేదురా. అమ్మాయీ, మావాడికి లెక్కలు సరిగ్గా రావు. ఫర్వాలేదా?"



"నాకొచ్చుగా మావయ్యగారూ" అంది ఆమె.